మా సేటు

వ్యవసాయ డిగ్రీ చదివినవాడు ఏమవుతాడు? మా రోజుల్లో దీనికి మూడే సమాధానాలు ఉండేవి. ప్రభుత్వంలో వ్యవసాయాధికారి, బ్యాంకులో అప్పులిచ్చే అధికారి, లేదంటే పై చదువులు చదువుకుని అదే విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త. 1986లో బాపట్ల వ్యవసాయ కళాశాలలో చేరిన మా బ్యాచ్ దాదాపు అంతా ఈ మూడు చోట్లే సర్దుకుంది. ఒక్కడు మాత్రం పట్టా పుచ్చుకున్న ఏడాదే గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు తెరిచాడు. "రైతుకు సేవ చేస్తాడని సర్కారు సొమ్ముతో చదివిస్తే వీడు దళారీ అయ్యాడు" అని మాకు పాఠం చెప్పిన ఒక పెద్దాయన అందరి ముందే విసుక్కున్నారు. ఆ మాట వాడి చెవిన పడింది. "మాస్టారి చేలో మిరప వేస్తే సరుకు నా కొట్టుకే తెమ్మనండి, కమీషన్ తగ్గిస్తాను" అని కబురు పంపాడు.

వాడి పేరు ఇక్కడ రాయను. ఇంట్లోవాళ్లకు ఇష్టం ఉండదు. హాస్టల్లో ఎవరూ వాడిని పేరుతో పిలిచింది లేదు కాబట్టి నాకూ ఇబ్బంది లేదు. సీనియర్లకు, జూనియర్లకు, మాకు, మెస్సులో వంటవాళ్లకు కూడా వాడు సేటు. 2023 ఆగస్టులో క్లోమ క్యాన్సర్‌తో పోయాడు. 55 ఏళ్లు.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. ఏజీ, అంటే వ్యవసాయ డిగ్రీ చదివిన ప్రతివాడికీ కీటకాల పెట్టె గురించి తెలుసు. ఎంటమాలజీ, అంటే కీటక శాస్త్రం కోర్సులో పురుగులను పట్టి, మందు దూది వేసిన సీసాలో చంపి, రెక్కలు విప్పి, సన్న గుండుసూదులతో థర్మోకోల్ మీద గుచ్చాలి. ఒక్కోదాని కింద దాని కుటుంబం పేరు, పట్టిన చోటు, పట్టిన తేదీ రాసిన చిన్న చీటీ పెట్టాలి. మొదట్లో అందరం వలలు పట్టుకుని వీధి దీపాల కింద తిరిగాం. నెల గడిచేసరికి సరదా తీరిపోయింది. పెట్టె అప్పగించాల్సిన వారంలో హాస్టలంతా గగ్గోలు. అప్పుడు వాడు మంచం కింద నుంచి బిస్కెట్ డబ్బాలు బయటికి తీశాడు. వాటి నిండా పురుగులే.

సూర్యలంక దారిలోని పల్లెల పిల్లలకు వేరుశనగ అచ్చులు ఇచ్చి, రెండు నెలల నుంచీ పోగుచేయిస్తున్నాడట. మాకు అమ్మే ధర మిడత పావలా, తూనీగ అర్ధ రూపాయి, పేడపురుగు ముప్పావలా. కొబ్బరి తోటల్లో దొరికే కొమ్ము పురుగు మాత్రం రెండు రూపాయలు. "రెక్క విరిగినవి సగం ధర" అని గోడ మీద సుద్దతో రాశాడు. అప్పుకూడా ఇచ్చాడు, నోటుబుక్కులో సంతకం పెట్టించుకుని. చీటీలు రాసిచ్చే పని కూడా వాడే ఒప్పుకున్నాడు, అదీ ఉచితంగా. అక్కడే దొరికిపోయాడు. పెట్టెలు దిద్దుతున్న మాస్టారికి క్లాసులో సగం మంది ఒకే ఆదివారం, ఒకే చోట, ఒకే చేతిరాతతో తూనీగలు పట్టినట్టు కనిపించింది. క్లాసుకు వచ్చి పెట్టెలన్నీ బల్ల మీద వరసగా పరిచి, "ఎవరయ్యా ఈ సేటు?" అని అడిగారు. ఎవరూ నోరు మెదపలేదు. వాడే లేచి నిలబడ్డాడు. శిక్షగా డిపార్ట్‌మెంటు మ్యూజియానికి కావలసిన పురుగులన్నీ పట్టి తెమ్మన్నారు. వాడికి అది శిక్షే కాదు, మనుషులు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. మాకు మాత్రం ఆ కోర్సులో వచ్చిన గ్రేడు చివరిదాకా మొత్తం గ్రేడుల సగటులో వెక్కిరిస్తూనే ఉంది.

మూడో ఏడాది వాడిని మెస్ సెక్రటరీని చేశాం. మాది డివైడింగ్ మెస్, నెలలో అయిన ఖర్చును తలా ఇంత అని పంచుకోవాలి. అంతకుముందు సెక్రటరీలందరూ ఊళ్లోని ఒకే కొట్లో సరుకులు తెచ్చేవారు. వాడు మొదటి వారమే ఆ అలవాటు తెంచాడు. బియ్యానికి నేరుగా మిల్లుకు, కూరగాయలకు తెల్లవారుజామున చీరాల మార్కెట్టుకు. మా క్రాప్ ప్రొడక్షన్ కోర్సు మళ్లలో మేమే పండించిన బెండకాయలను కూడా మా మెస్సుకే తూకం వేసి కొన్నాడు. డబ్బు ఇచ్చాడు, అయితే ముదురు కాయలు ఏరి పక్కన పడేశాక. బిల్లు తగ్గింది. నెయ్యి కూడా తగ్గింది. "సేటు తింటున్నాడు" అని గుసగుసలు మొదలయ్యాయి. మర్నాడు భోజనాల హాలు గోడకు పొడవాటి మేకు కొట్టి, ఆ నెల బిల్లులన్నీ దానికి గుచ్చాడు. ఎవరికి అనుమానం వస్తే వాళ్లు లేచి వెళ్లి చూసుకోవచ్చు. చాలామంది చూశారు, నేనూ చూశాను. తప్పు దొరకలేదు. నెయ్యి మాత్రం పెరగలేదు.

1990 మే 9 నాటి తుఫాను మా చివరి పరీక్షల ముందు వచ్చింది. కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. బాపట్లలో పెద్దవాళ్లందరికీ 1977 నవంబరు గుర్తుంది కాబట్టి, గాలి ముదరకముందే గుడిసెల్లోవాళ్లు పిల్లాపాపలతో వచ్చి పక్కా భవనాల్లో చేరారు. మా కళాశాల వరండాలు కూడా నిండిపోయాయి. రాత్రంతా తలుపులు కొట్టుకున్నాయి, కిటికీ అద్దాలు పగిలాయి, సరుగుడు చెట్లు విరుగుతున్న చప్పుడు విడవకుండా వినిపించింది. తెల్లారేసరికి కరెంటు లేదు, ఊరికి దారి లేదు. సేటు ఎవరినీ అడగకుండా మెస్ స్టోరు తాళం తీశాడు. పాడుకాదని పులిహోర కలిపించాడు. వంటవాళ్లు ఇద్దరే మిగిలితే మమ్మల్ని పొయ్యిల దగ్గర కూర్చోబెట్టాడు. వరండాల్లో ఆకులు వేసినప్పుడు ఎవరూ రెండోసారి అడగాల్సిన అవసరం లేకుండా వడ్డించాడు. మాకు నెయ్యి కొలిచి వేసిన చెయ్యేనా ఇది అనిపించింది. నీళ్లు తీశాక వార్డెన్‌గారికి ఒక కాగితం ఇచ్చాడు. ఎన్ని బస్తాల బియ్యం, ఎంత చింతపండు, ఎంత నూనె వాడాడో లెక్క. ఆయన చూసి సంతకం పెట్టారు. ఆ కాగితాన్ని కూడా తీసుకెళ్లి మేకుకే గుచ్చాడు.

దళారీ ఎందుకయ్యావని నేను వాడిని ఒకసారే అడిగాను. వాడిది పల్నాడులో మెట్ట పొలం. పత్తి, మిరప. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో కలిసి బండి మీద, తరవాత లారీ మీద సరుకుతో గుంటూరు వచ్చేవాడట. సరుకు అమ్ముడయ్యేదాకా యార్డులోనే బస్తాల మీద పడుకునేవారు. పొద్దున్నే ఎవరో వచ్చి బస్తాలో చెయ్యి పెట్టి, గుప్పెడు కాయలు తీసి చూసి, ఒక మాట అనేసి వెళ్లిపోయేవాడు. ఆ మాటే ధర. "మా నాన్నకు పంట పండించడం తెలుసురా. ఆ చెయ్యి ఏం చూస్తోందో తెలియదు. నాకది తెలుసుకోవాలనిపించింది" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. రైతుల్ని ఉద్ధరిస్తానని వాడు ఏనాడూ అనలేదు, అలా అనే మాలాంటివాళ్లను చూస్తే నవ్వేవాడు.

ఆ చెయ్యి ఏం చూస్తుందో తరవాత నాకు వాడే చూపించాడు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు యార్డులోకి మొదటిసారి అడుగుపెట్టినవాడికి ముందు తుమ్ము, తరవాత దగ్గు, ఆ తరవాత కళ్ల నీళ్లు. ఎటు చూసినా ఎర్రటి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఒక్కొక్కటి 40 కిలోలకు పైమాటే. వాటి మధ్య వాడు ముక్కుకు గుడ్డ కూడా లేకుండా తిరిగేవాడు. బస్తా పైపై కాయలు తోసేసి మోచేతి దాకా లోపలికి పోనిచ్చి అడుగు నుంచి తీసేవాడు. ఒక కాయను చెవి దగ్గర ఆడించేవాడు. గింజ గలగలమంటే ఆరినట్టు. మధ్యకు విరిచి లోపలి చర్మం రంగు, గింజ తెల్లదనం చూసేవాడు. తొడిమ దగ్గర గోటితో గీకేవాడు. తాలు కాయలు ఎన్ని కలిశాయో అరచేతిలో లెక్కపెట్టేవాడు. తేమ 10, 11 శాతం దాటితే లోపల బూజు మొదలవుతుంది, ఆ బూజుతో విషం పుడుతుంది. ఈ పాఠం మాకు కళాశాలలో కూడా చెప్పారు, పరీక్షలో రాశాం కూడా. వాడి వేళ్లు మాత్రం మీటరు లేకుండా చెప్పేవి. మిరప రకాల్లో ‘తేజ’లో ఘాటు, 334లో రంగు, బ్యాడిగిలో ముడతలు, ఇవన్నీ చెబుతుంటే వాడి మొహం వెలిగిపోయేది. "మన లాం ఫారం వాళ్లు పుట్టించిన 334 లేకపోతే ఈ ఊళ్లో సగం కొట్లు లేవురా ఆఫీసరూ" అనేవాడు. లాం ఫారం అంటే గుంటూరు పక్కనున్న వ్యవసాయ పరిశోధన స్థానం. ఉద్యోగంలో చేరింది మొదలు నేను వాడికి ఆఫీసరునే.

వ్యాపారం పెరిగింది. కారం మిల్లు పెట్టాడు, ఒక శీతల గిడ్డంగిలో వాటా కొన్నాడు. 2003లో ఐరోపాలో మన దేశపు కారంలో తిండిలో వాడకూడని సుడాన్ రంగు బయటపడి, ఎగుమతికి పరీక్షలు తప్పనిసరి చేసినప్పుడు, చాలామంది మిల్లులవాళ్లు తలలు పట్టుకున్నారు. వాడు మాత్రం "రంగు కలిపేవాడికి కాయ కొనడం రాదన్నమాట" అని తేల్చేశాడు. ఎగుమతి మాత్రం వాడికి అచ్చిరాలేదు. ఒకటి రెండు సార్లు చేయి కాల్చుకుని యార్డుకే పరిమితమయ్యాడు.

పిసినారి. దాన్ని దాచి రాస్తే వాడే ఒప్పుకోడు. మా బ్యాచ్‌లో ముగ్గురి ఇళ్ల పునాదుల్లో వాడి డబ్బుంది, ముగ్గురి దగ్గరా వడ్డీ తీసుకున్నాడు. బయట నూటికి రెండు రూపాయలు నడుస్తుంటే మా దగ్గర రూపాయి. స్నేహం విలువ ఆ రెండో రూపాయి అన్నమాట. నోటు రాయించుకునేవాడు. తీరిపోయిన రోజు ఆ నోటును ఎదురుగా చింపి, ముక్కలు చేతిలో పెట్టి, అప్పుడు కాఫీ తెప్పించేవాడు.

2017 వేసవి వాడిని కూడా కుదిపింది. అంతకుముందు ఏడాది మిర్చి ధర బాగా పలికిందని అందరూ మిరపే వేశారు. సరుకు వరదలా వచ్చింది, క్వింటాలు 10 వేలు దాటిన ధర మూడు, నాలుగు వేలకు కూలింది. యార్డు నిండి రోడ్ల మీద బస్తాలు. కేంద్రం క్వింటాలుకు 5,000 చొప్పున కొంటామని పథకం ప్రకటించేసరికి చాలామంది తెగనమ్ముకున్నారు. కూలి డబ్బులు కూడా రాని సరుకును కొందరు తగలబెట్టారు. అప్పుడు నాకు అక్కడే డ్యూటీ. సేటు దగ్గర పెట్టుబడి తీసుకున్న రైతులు కొట్టు ముందు కూర్చుని ఉన్నారు. వాడు వాళ్ల బస్తాలన్నీ తన వాటా ఉన్న గిడ్డంగికి పంపించాడు. "ఇప్పుడు అమ్మితే మీరూ పోతారు, నేనూ పోతాను. లోపల పెట్టండి" అన్నాడు. అద్దె రాసుకున్నాడు, వడ్డీ కూడా రాసుకున్నాడు. ఎవరినీ తొందరపెట్టలేదు, అంతే. ఆ రోజుల్లో ఆ ‘అంతే’ కోసమే మనుషులు ఊళ్ల నుంచి వచ్చి వాడి గడపలో పడిగాపులు కాశారు. మా శాఖ తరఫున నేను చేయగలిగింది వరసల్లో నిలబడినవాళ్లకు చీటీలు ఇవ్వడం. ఇందులో ఎవరు రైతుకు సేవ చేశారో ఆ పాఠం చెప్పిన పెద్దాయన ఉంటే అడిగేవాణ్ణి.

2021 చివర్లో నల్ల తామర పురుగు వచ్చి పూత మొత్తం రాల్చేసినప్పుడు వాడు రోజూ ఫోను చేసేవాడు. ఏ మందు కొట్టాలి, ఏది కొట్టకూడదు, మీ శాస్త్రవేత్తలు ఏమంటున్నారు అని. మందుల కొట్లవాళ్లు అంటగట్టే సీసాల పేర్లు చదివి వినిపించేవాడు. ఎంటమాలజీ పెట్టె నాటి కసి ఇప్పుడు తీర్చుకుంటున్నావురా అని నవ్వేవాణ్ణి. ఆ తరవాతి ఏడాదే వాడి ఒంట్లో తేడా మొదలైంది.

మిర్చి వ్యాపారికి కడుపులో మంట అంటే ఎవరు పట్టించుకుంటారు? ముందు షుగర్ వచ్చింది. వాళ్ల ఇంట్లో ఎవరికీ లేదు. యాభై దాటాయి కదా, వస్తుందిలే అనుకున్నారు. బరువు తగ్గాడు, షుగర్ వల్లే అనుకున్నారు. వీపులో నొప్పి, గద్దె మీద కూర్చుని కూర్చుని వచ్చిందన్నారు. ప్రతిదానికీ ఒక సబబైన కారణం దొరికింది. క్లోమం జీర్ణాశయం వెనక నక్కి ఉంటుంది, అక్కడ గడ్డ లేచినా చేతికి తగలదు. యాభై దాటాక కొత్తగా షుగర్ వచ్చి, దానితోపాటు బరువు కూడా తగ్గుతుంటే ఒకసారి కడుపు స్కానింగ్ చేయించుకోవాలని ఆ తరవాత డాక్టరు చెబితే తెలిసింది. కళ్లు పచ్చబడి, ఒళ్లంతా దురద మొదలైనప్పుడు చుట్టాలు పసరు మందుకు బయలుదేరదీశారు. వదినగారు ఒప్పుకోలేదు. కారెక్కించి నేరుగా హైదరాబాదు తీసుకెళ్లారు. క్లోమం తలభాగంలో గడ్డ పైత్యరస నాళాన్ని నొక్కేసింది. స్టెంటు వేస్తే కామెర్లు తగ్గాయి. పక్కనున్న రక్తనాళాన్ని గడ్డ చుట్టుకుని ఉంది కాబట్టి ముందు కీమో, కుంచించుకుపోతే ఆపరేషన్ అన్నారు.

ఆ కీమోలో ఒక మందుకు చలి పడదు. చల్లని నీళ్లు తాకినా, ఫ్రిజ్ తలుపు పట్టుకున్నా వేళ్లకు కరెంటు కొట్టినట్టు ఉండేదట. శీతల గిడ్డంగి యజమాని, సొంత గిడ్డంగిలో అడుగుపెట్టడానికి లేదు. నోరు పూసి కారం ముట్టే వీలూ లేదు. మిక్సీ పట్టిన పెరుగన్నం తింటూ, "ఒరేయ్ ఆఫీసరూ, దేవుడికి కూడా బేరం తెలుసురా. నా దగ్గరున్న రెండు సరుకులూ నాకే పనికిరాకుండా చేశాడు" అన్నాడు. వదినగారు లేచి లోపలికి వెళ్లిపోయారు. వాడు మాత్రం గిన్నె ఖాళీ చేశాడు.

ఇంతలో 2023 మొదటి నెలల్లో ధరలు లేచాయి. తేజ క్వింటాలు 20 వేలు దాటింది. జీవితమంతా యార్డులో కూర్చున్నవాడికి ఇంత మంచి సీజన్ వచ్చినప్పుడు ఆసుపత్రి కుర్చీలో చేతికి సూది పెట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది. రెండో చేతిలో ఫోను. పక్క కుర్చీలోని పేషెంటు, ఖమ్మం వైపు రైతు, వాడి మాటలు విని తన సరుకు ఎప్పుడు అమ్మాలో అడిగాడు. "ఈ వారమే అమ్మెయ్యండి, ఆశపడకండి" అని చెప్పి, ఆ తరవాత నా వైపు తిరిగి నెమ్మదిగా, "ఆయనకు ఇంకో నెల ఆగితే బాగుండు, కానీ ఆసుపత్రి ఖర్చులకు ఇప్పుడే కావాలి కదా" అన్నాడు.

జూన్‌లో స్కానింగులో కాలేయం మీద మచ్చలు కనిపించాయి. ఆపరేషన్ మాట ఆగిపోయింది. ఎంత కాలం అని డాక్టరును వాడే అడిగాడు, ఆయన దాచకుండా చెప్పారు. ఇంటికి వచ్చాక ఖాతా పుస్తకాలన్నీ కూతురి ముందు పెట్టాడు. ఆ తరవాత నాకు ఫోను చేసి, బాపట్ల వెళదాం అన్నాడు.

గుంటూరు నుంచి గంటన్నర దారి. సముద్రం దగ్గరికి వెళతాడేమో అనుకున్నాను. వద్దన్నాడు, మెస్సుకు తీసుకెళ్లమన్నాడు. భోజనాల హాలు మారిపోయింది, పాత గోడ లేదు, మేకు లేదు. ఒక కుర్చీలో కూర్చుని అక్కడున్న కుర్రాళ్లను పిలిచి, ఇప్పుడు మెస్ బిల్లు ఎంత వస్తోంది, నూనె ఎక్కడ కొంటున్నారు, బియ్యం ఏ రకం అని ఆరా తీశాడు. పిల్లలు ముందు మొహమాటపడ్డారు, తరవాత హుషారుగా చెప్పారు. నూనె ధర వినగానే వాడికి కోపం వచ్చింది. "మీకు ఎక్కువకు అంటగడుతున్నారమ్మా" అని, నడుము వంగిపోతున్నా లేచి, గుంటూరులో ఎవరి దగ్గర టోకున దొరుకుతుందో కాగితం మీద రాసిచ్చాడు. ఫోను కలిపి మాట్లాడించాడు కూడా. వచ్చే దారిలో కారులో పడుకుని, "ఎవడూ బేరమాడడంలేదురా, అడిగినంత ఇచ్చేస్తున్నారు" అని చాలాసేపు గొణిగాడు. నొప్పి మాత్ర వేసుకున్నాక నిద్రపోయాడు.

చివరి వారాల గురించి ఎక్కువ రాయలేను. మార్ఫిన్ మాత్రలు అలవాటవుతాయేమోనని మొదట భయపడ్డాడు. వచ్చి చూసి వెళ్లే డాక్టరమ్మ, ఈ స్థితిలో ఆ భయం అక్కర్లేదు, నొప్పి ఓర్చుకోవడం గొప్పేమీ కాదు అని కచ్చితంగా చెప్పాక వేసుకున్నాడు. దాంతో రాత్రుళ్లు కాస్త నిద్ర పట్టింది. ఆమె ఇంకా ముందే వచ్చి ఉంటే బాగుండేదని ఇంట్లో అందరం అనుకున్నాం.

పెద్దకర్మ రోజున పల్నాడు ఊళ్ల నుంచి రైతులు వచ్చారు. భోజనాలు అయ్యాక కొందరు గేటు దగ్గర ఆగి వెళ్లలేక నిలబడ్డారు. వాళ్ల మనసులో ఏముందో అర్థమై, కూతురే వెళ్లి, "కొట్టు మూసేయడం లేదు. ఎవరి లెక్కలు వాళ్లకు పుస్తకంలో ఉన్నాయి, బుధవారం రండి" అని చెప్పింది. హైదరాబాదులో చార్టర్డ్ అకౌంటెంట్ల దగ్గర పనిచేస్తున్న పిల్ల. చుట్టాలు వద్దన్నారు, యార్డులో ఆడపిల్ల ఏమిటన్నారు. యార్డులో తొడిమలు తీసేవాళ్లంతా ఆడవాళ్లే కదా అని అడిగిందట.

కిందటి సీజన్‌లో మా తమ్ముడి చేలో పండిన కాయ గుంటూరు తెచ్చాం. స్నేహితుడి కొట్టు, మన పిల్ల, నాలుగు రూపాయలు ఎక్కువే వస్తుందన్న ధీమాతో నేనూ వెంట వెళ్లాను. కుర్చీ వేయించింది, మజ్జిగ ఇప్పించింది. తరవాత చున్నీ నడుముకు బిగించి బయటికి వచ్చి, బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీసింది. ఒక కాయను చెవి దగ్గర ఆడించి, నా చేతిలో పెట్టింది.

"తేమ ఉంది బాబాయి. రెండు రోజులు ఎండలో పోయించి తీసుకురండి."

"ఇంత దూరం తెచ్చాం కదమ్మా, ఏదో ఒక ధరకు చూడు" అన్నాను. "మీ నాన్న ఉంటే..." అని ఇంకేదో అనబోయాను.

"నాన్న ఉంటే బండి గేటు దాటి లోపలికి రానిచ్చేవారే కాదు" అంది.

మా తమ్ముడు నా వైపు చూశాడు. బస్తాలు మళ్లీ ఎక్కించమని హమాలీలకు చెప్పాను. కూలి ఆమే ఇచ్చి, మా ఖాతాలో రాసుకుంది.